ఉద్యోగం మానేసి వడ్రంగం నేర్చుకుంటానంటే...

ప్రశ్న: నా వయసు 26. మాది విజయవాడ, సత్యనారాయణపురం. బీటెక్ అవగానే చేరిన కంపెనీలోనే నాలుగేళ్ల మూడు నెలలుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. నెలలో ఒక వారం హైదరాబాద్ వెళ్లాలి, మిగతా రోజులు ఇంటి నుంచే పని. చేతికి 62 వేలు వస్తుంది. ఇంట్లో 20 వేలు ఇస్తాను, తమ్ముడి చదువు ఇంకా రెండేళ్లుంది. నా ఖర్చులు, ప్రయాణాలు పోను నెలకు 25 వేలు మిగులుతుంది. ఇప్పటికి 4 లక్షల 10 వేలు దాచాను. కొండపల్లిలో బొమ్మలు చెక్కడం చూసినప్పటి నుంచి చెక్కపని మీద మనసు పడింది. ఇంట్లోనే రెండు పీటలు, ఒక పుస్తకాల అర చేశాను. ఇదే నా బతుకుతెరువు చేసుకోవాలని ఉంది. రిటైరైన నాన్నగారు "వడ్రంగం మనవాళ్లు చేసే పనా? అందులో ఆడపిల్ల! నలుగురిలో తలెత్తుకు తిరగొద్దా?" అంటున్నారు. సంబంధాలు రావని అమ్మ ఏడుస్తోంది. నా దారి నేను చూసుకోవడం తప్పా? (పేరు వేయవద్దు)

సమాధానం:

తప్పు కాదమ్మా. మీరు అడిగింది ఆ ఒక్క మాటే అయినా, మీ ఉత్తరం నిండా కనిపిస్తున్నది వేరే ప్రశ్న: ఈ దారి నడుస్తుందా, నడవకపోతే ఏమిటి అని. మీ నాన్నగారి కోపంలో సగం కూడా ఆ ప్రశ్నే. ఆలోచించాల్సింది అక్కడే ఉంది కాబట్టి మా సమాధానంలో ఎక్కువ భాగం దాని గురించే.

ముందు ఆ "నలుగురు" ఎవరో కాగితం మీద పేర్లతో రాయండి. బాబాయిలు, మేనత్తలు, ఎదురింటివాళ్లు, నాన్నగారి పాత ఆఫీసు స్నేహితులు, పెళ్లిళ్ల పేరయ్య, అందరినీ. ఒక్కో పేరు పక్కన "నా జీతం ఆగితే వీళ్లకు పోయేదేమిటి?" అన్నదానికి జవాబు రాయండి. మీ విషయంలో మూడు పేర్ల దగ్గరే ఏదైనా రాయవలసి వస్తుంది: నాన్న, అమ్మ, తమ్ముడు. మిగిలినవాళ్లకు మీరు లెక్క చెప్పక్కర్లేదు. ఈ ముగ్గురికి మాత్రం రూపాయి, తేదీతో సహా చెప్పాలి. "నా జీవితం, నా ఇష్టం" అనే మాట మీరు నెలకు 20 వేలు ఇస్తున్న ఇంట్లో చెల్లదు. తమ్ముడి ఫీజులో మీ ఇష్టం ఎంత ఉందో బాధ్యతా అంతే ఉంది.

ఇక పని సంగతి. రెండు పీటలు, ఒక అర చేయడం ఇష్టానికి గుర్తే కానీ, వృత్తికి ఇంకా ఆధారం కాదు. మనసుకు నచ్చింది చేసెయ్యమని ఇప్పుడు ప్రతివాళ్లూ చెబుతున్నారు. సాఫ్ట్‌వేర్‌లో చేరమని పదేళ్ల కిందట అందరూ చెప్పినట్టే ఇదీ నలుగురి మాటే. రెంటినీ ఒకేలా పరీక్షించండి.

మొదట తెలుసుకోవాల్సింది, విజయవాడలో ఈ రోజున వడ్రంగి చేతికి డబ్బు ఎక్కడి నుంచి వస్తోందన్నది. ఎక్కువ భాగం అపార్టుమెంట్లలో ప్లైవుడ్ పని: కప్‌బోర్డులు, వంటింటి అరలు, టీవీ యూనిట్లు. టేకు పని సింహద్వారాలకు, పూజా మందిరాలకు, దివాన్లకు తగ్గిపోయింది. మీకు ఇష్టమైంది చిత్రిక పట్టిన టేకు వాసన అయితే, రోజంతా ప్లై షీట్లు కోసి సన్‌మైకా అతికించే పని మీకు సహిస్తుందా? ఆ పని చేస్తున్నచోట నాలుగు ఆదివారాలు నిలబడి చూడకుండా దీనికి జవాబు రాదు. ప్లైవుడ్డూ తేలిక పనేమీ కాదు. ఎనిమిది అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పున్న షీటులో 12 అంగుళాల పట్టీలు నాలుగు వస్తాయని కాగితం మీద లెక్క వేస్తారు. రంపం బ్లేడు ఒక్కో కోతకు సుమారు 3 ఎం.ఎం. తినేస్తుంది. మూడు కోతలకు 9 ఎం.ఎం. పోయి, ఆఖరి పట్టీ వెడల్పు తగ్గి, అరలో వదులుగా కూర్చుంటుంది. కొత్తవాళ్ల మొదటి కప్‌బోర్డు చెడేది ఎక్కువగా ఇలాగే. ఇంకొకటి: సింకు కింద ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న, నీటిని తట్టుకునే ప్లై కాకుండా మామూలుది వేస్తే కొన్నాళ్లకే పొరలు ఉబ్బుతాయి. ఆ ఇంటావిడ మిమ్మల్ని మళ్లీ పిలవదు.

నేర్చుకోవడానికి ఒక మేస్త్రీని చూసుకోండి. వీడియోలు చూస్తే పద్ధతి తెలుస్తుంది, చేతికి బరువు తెలియదు. "నాకు వడ్రంగం నేర్పండి" అని అడిగితే ఎవరూ ఒప్పుకోరు, వాళ్లకు తీరిక ఉండదు. "శని, ఆదివారాలు వస్తాను. గరుకు కాగితం పట్టమన్నా, చెక్కలు మోయమన్నా చేస్తాను. మూడు నెలలు కూలి వద్దు. మధ్యాహ్నం ఒక గంట ఉలి, చిత్రిక పట్టుకోనివ్వండి" అని అడగండి. షాపు ఎంచుకునేటప్పుడు పనితనం ఒక్కటే చూడకండి. బాత్రూమ్ ఉందా, సాయంత్రం ఏడు తర్వాత ఆ వీధిలో మనుషులు, లైట్లు ఉంటాయా, మేస్త్రీ కుటుంబం దగ్గర్లో ఉంటుందా అన్నవి చూడండి. మొదటిసారి తమ్ముణ్ణి తోడు తీసుకువెళ్లండి. చున్నీ ఇంట్లో వదిలేసి, జుట్టు బిగించి ముడి వేసుకుని, వేళ్లు కప్పే చెప్పులో బూట్లో వేసుకుని వెళ్లండి. తిరిగే బ్లేడు దగ్గర చేతికి గ్లౌజు వేసుకోవద్దు. రక్షణ అనిపిస్తుంది గానీ, గుడ్డ కొస బ్లేడుకు చిక్కితే చెయ్యి మొత్తాన్ని లోపలికి లాగేస్తుంది. కళ్లను కాపాడే అద్దాలు, దుమ్ము ఆపే మాస్కు మాత్రం మొదటి రోజు నుంచే కావాలి.

మొదటి నెల గీత గీసి, గీత మీద కోయడం, ఉలికి సాన పట్టడం, అంతే. ఉలి వాలు 25 డిగ్రీలు, ఆఖరి అంచు 30 డిగ్రీలు ఉండేలా పడితే టేకులో పదునూ నిలుస్తుంది, అంచూ విరగదు. మొద్దు ఉలితో కొత్తవాళ్లు బలం పెట్టి తోస్తారు, అది జారి ఎడమ చేతిలో దిగుతుంది. అందుకే ఉలి పట్టని చెయ్యి ఎప్పుడూ ఉలి మొనకు వెనకాలే ఉండాలి. రెండో నెల కాలికి బెజ్జం తొలిచి, అడ్డకర్ర నాలిక అందులో దించే అతుకు. మూడో నెలలో మేస్త్రీ చెయ్యి తగలకుండా మీరొక్కరే స్టూళ్లు. ఐటీఐలో ఈ పనికి ఏడాది కోర్సు ఉంది, కానీ రోజూ వెళ్లాలి కాబట్టి ఉద్యోగం చేస్తూ కుదరదు. బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీలో చెక్కపనికి చిన్న చిన్న శిక్షణలు ఉన్నాయి. ముందు మేస్త్రీ దగ్గర చెయ్యి తిరిగాక అక్కడికి వెళ్తే దక్కేది ఎక్కువ.

మన ఊళ్లో చెక్కతో వచ్చే పెద్ద చిక్కు ఒకటుంది, అది ముందే తెలిసి ఉండాలి. చెక్క పొడవు దిక్కున దాదాపు కదలదు. వెడల్పు దిక్కున మాత్రం గాలిలో తేమను బట్టి ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది. అడుగున్నర వెడల్పు టేకు బల్ల పలక వానాకాలానికీ మే నెల వడగాడ్పులకూ మధ్య రెండు మూడు మిల్లీమీటర్లు తేడా పడుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోళ్ల మాట ఎలా ఉన్నా, నాలుగు వైపులా స్క్రూలు బిగించేసిన బల్ల పలక మాత్రం పగులుతుంది, ఎందుకంటే తగ్గడానికి దానికి చోటు లేదు. పలకను కింది చట్రానికి బిగించేటప్పుడు మధ్య స్క్రూ ఒక్కటే గట్టిగా బిగించి, రెండు అంచుల్లో స్క్రూ బెజ్జాలను పలక వెడల్పు దిక్కున కోలగా తొలవాలి. తేమ కొలిచే చిన్న మీటరు రెండు వేల లోపే దొరుకుతుంది. టింబర్ డిపోలో చెక్క కొనేముందు లోపలి కోత మీద గుచ్చి చూడండి. 12 శాతం దాటితే కొని పక్కన ఆరబెట్టాలి, ఆ వారమే పని మొదలుపెట్టకూడదు. "బాగా ఆరిన చెక్కేనమ్మా" అన్న మాట మీద కొన్నది ఎండాకాలంలో బయటపడుతుంది. కొన్న ప్రతిదానికీ బిల్లు అడిగి దాచుకోండి.

ఇప్పుడు డబ్బు. చాలామంది పని రాక కాదు, ధర కట్టడం రాక మూసేస్తారు. 16 అంగుళాల ఎత్తు టేకు స్టూలు తీసుకోండి. పై పలక 14 అంగుళాల చదరం, అంగుళం మందం. కాళ్లు నాలుగు, ఒక్కోటి అంగుళంన్నర చదరం. పలక కింద నాలుగు పట్టీలు, కింద నాలుగు అడ్డకర్రలు. అన్నీ కలిపితే పావు ఘనపుటడుగు. కోతలకు, చిత్రికకు, ముడులకు పోయేది కలిపితే 0.36 ఘనపుటడుగులు కొనాలి. ఘనపుటడుగు 3,500 అనుకుంటే చెక్క 1,260. జిగురు, గరుకు కాగితం, పాలిష్ 250. షెడ్డు అద్దె, కరెంటు వాటా 200. మీకు తొమ్మిది గంటలు పడుతుంది. గంటకు 150 చొప్పున 1,350. మొత్తం 3,060. బయట ఆ సైజు స్టూలు 1,500కు వస్తుందని కొనేవాళ్లు అంటారు. అది నిజమే, అది వేరే చెక్క, మిషన్ మీద వందల్లో చేసిన వస్తువు. కొత్తవాళ్లు ఇక్కడ భయపడి 2,000కు ఇచ్చేసి, చెక్క ఖర్చు పోను 740 మిగిలిందని సంతోషిస్తారు. జిగురు, అద్దె తీసేస్తే మిగిలేది 290 రూపాయలు, తొమ్మిది గంటల పనికి. నెలకు ఇలా పాతిక స్టూళ్లు చేసినా ఇంట్లో ఇచ్చే 20 వేలు రావు. గంటలు రాసుకోండి. ఏ పనికి మొదలుపెట్టింది ఎప్పుడు, ముగించింది ఎప్పుడు అన్నది ఒక నోటుబుక్కులో ఉండాలి. ఆ తొమ్మిది గంటలు ఆరు నెలల్లో ఆరు గంటలైతే మీ దారి నడుస్తున్నట్టే.

ధర తగ్గించడంలో ఇంకో సంగతి ఉంది, ఇది మాకు ముఖ్యం. వెనక జీతం ఉన్న మీరు సరదాకి తక్కువకు చేసి ఇస్తే, అదే వీధిలో ఆ పని మీదే పిల్లల్ని చదివించుకుంటున్న మేస్త్రీ ధర పడిపోతుంది. అతని దగ్గర నేర్చుకుని అతని కూలి తగ్గించడం న్యాయం కాదు. బంధువులకు కూడా పూర్తి ధరే చెప్పండి.

మీ దగ్గర 4 లక్షల 10 వేలున్నాయి. మానేసిన తర్వాత ఏడాదికి కావలసింది చూద్దాం. ఇంటికి 20 వేలు, మీకు 9 వేలు, ఆరోగ్య బీమాకు సుమారు వెయ్యి, నెలకు 30 వేల చొప్పున 3 లక్షల 60 వేలు. పనిముట్లకు, షెడ్డు అడ్వాన్సుకు, మొదటి చెక్కకు కలిపి 1 లక్ష 20 వేలు. (మొదట డ్రిల్లు, చేతితో పట్టుకునే సర్క్యులర్ సా, చిన్న రౌటర్ (చెక్కలో గాడులు, అంచులు కోసే మిషన్), శాండర్ (గరుకు కాగితం పట్టే మిషన్), నాలుగు సైజుల ఉలులు, ఒక మంచి చిత్రిక, బిగించే క్లాంపులు పది. టేబుల్ సా మొదటి ఏడాది కొనకండి.) ముట్టుకోకూడని సొమ్ము లక్ష. మొత్తం 5 లక్షల 80 వేలు, అంటే మీకు 1 లక్ష 70 వేలు తక్కువ. నెలకు 25 వేల చొప్పున ఏడు నెలలు. నోటీసు పీరియడ్ రెండు నెలలు అనుకుంటే, మీరు బయటికి వచ్చేది ఇంకా తొమ్మిది నెలలకు.

ఆ తొమ్మిది నెలలు ఊరికే పోవు. మీరు చేరి నాలుగేళ్ల మూడు నెలలైంది కాబట్టి అప్పటికి ఐదేళ్లు నిండుతాయి. ఐదేళ్లు నిండినవాళ్లకు గ్రాట్యుటీ వస్తుంది: ఆఖరి బేసిక్‌ను 26తో భాగించి, 15తో, సర్వీసు ఏళ్లతో గుణిస్తారు. మీ బేసిక్ 30 వేలైతే దాదాపు 86,500 రూపాయలు. ఇప్పుడు రాజీనామా చేస్తే సున్నా. పీఎఫ్ కూడా ఐదేళ్ల సర్వీసు లోపు తీస్తే పన్ను పడుతుంది. ఆ తర్వాతైనా దాన్ని పనిముట్లకు తీయకండి. తేదీ లెక్కించేటప్పుడు చేరిన రోజు చూసుకుని, ఐదేళ్లు దాటి ఒక వారం ఆగాకే ఆఖరి పనిదినం ఉండేలా నోటీసు ఇవ్వండి.

కంపెనీ ఆరోగ్య బీమా మీ ఆఖరి పనిదినంతో ఆగిపోతుంది. అందులో అమ్మానాన్నల పేర్లుంటే వాళ్లదీ ఆగుతుంది. సొంత పాలసీ ఉద్యోగంలో ఉండగానే తీసుకోండి. కొత్త పాలసీలో మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప క్లెయిము ఉండదు, అప్పటికే ఉన్న బీపీ, షుగర్ లాంటివాటికి మూడేళ్ల దాకా ఆగమనవచ్చు. గ్రూపు పాలసీ నుంచి అదే బీమా కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారే వీలుందేమో ఇప్పుడే హెచ్‌ఆర్‌ను అడగండి. మొదటి ఏడాది అప్పు జోలికి వెళ్లొద్దు. ముద్ర రుణం, చేతివృత్తులవారికి 2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకం ఉన్నాయి. విశ్వకర్మలో 15 వేల పనిముట్ల సాయం, 5 శాతం వడ్డీకి మొదట లక్ష రుణం దొరుకుతాయి కానీ, అది ఇప్పటికే సొంతంగా ఆ పని చేసుకుంటున్నవాళ్లకు. మీరు దరఖాస్తు చేయవలసింది పని మొదలయ్యాకే. ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు) ఒక్క రూపాయి ఖర్చు లేదు, ఎవరైనా ఫీజు అడిగితే ఇవ్వకండి. షెడ్డు నున్న, గొల్లపూడి వైపు వెతకండి. సత్యనారాయణపురంలో ఇంటి మేడ మీద రౌటర్ పెడితే మొదటి వారంలోనే పక్కింటివాళ్లతో తగాదా వస్తుంది, ఇంటి మీటరు మీద వ్యాపారానికి కరెంటు వాడితే పెనాల్టీ కూడా పడుతుంది.

నాన్నగారితో మాట్లాడేది చుట్టాలు ఉన్నప్పుడో భోజనాల దగ్గరో కాదు. ఆయన ఒక్కరే ఉన్నప్పుడు, పై లెక్కలు ఒక పేజీలో రాసుకుని వెళ్లండి. "నాన్నా, ఇప్పుడే మానడం లేదు. ఐదేళ్లు నిండాక మానతాను. ఆ తర్వాత ఏడాది పాటు తమ్ముడి ఫీజుకు, ఇంటికి ఇచ్చేది తగ్గదు, ఆ డబ్బు ఇదిగో ఈ డిపాజిట్‌లో ఉంది. ఏడాది ఆఖరి మూడు నెలల్లో నెలకు సగటున 20 వేలు మిగలకపోతే మళ్లీ ఉద్యోగం వెతుక్కుంటాను" అని చెప్పండి. ఆ పన్నెండు నెలలు అయ్యేసరికి తమ్ముడి చదువు దాదాపు ముగింపుకు వస్తుంది, అది కూడా చూపించండి. ఆ రోజే ఒప్పుకోమని పట్టుబట్టకండి. పేజీ అక్కడే వదిలి రండి. వెనక్కి వెళ్లే దారి ఉండాలంటే కంపెనీ నుంచి రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ లెటర్ తీసుకోవాలి, టీమ్ లీడ్‌తో మంచిగా విడిపోవాలి. ఏడాది ఖాళీ చూసి ఎవరూ తలుపు వేసెయ్యరు. మీరు కోడ్ ముట్టుకోకుండా ఉంటేనే కష్టం, కాబట్టి వారంలో కొన్ని గంటలు ఆ చెయ్యీ ఆడిస్తూ ఉండండి.

"మనవాళ్లు చేసే పనా" అన్నదానికి ఆయనతో వాదించకండి, కానీ మీ మనసులో స్పష్టంగా ఉండండి. ఈ పనిని తరతరాలుగా కాపాడినవాళ్లు విశ్వబ్రాహ్మణులు, కొండపల్లి బొమ్మలు చేసే ఆర్యక్షత్రియులు. తెల్ల పొణికి చెక్కను ముక్కలుగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించి బొమ్మ చేయడం ఏ కాలేజీ కనిపెట్టింది కాదు. మీరు చదువుకుని వచ్చి ఆ పనికి గౌరవం తెస్తున్నట్టు ఎక్కడా మాట్లాడొద్దు. ఆ పని వాళ్ల దగ్గర అడిగి నేర్చుకుంటున్నవారు మీరు. వీలైతే మేస్త్రీగారిని ఒకసారి ఇంటికి భోజనానికి పిలవండి. నాన్నగారు ఆయనతో కూర్చుని అరగంట మాట్లాడితే, మీరు ఆరు నెలలు వాదించినా తగ్గనిది కొంత తగ్గుతుంది.

అమ్మగారి బాధ వేరు. పెళ్లిలో, పేరంటంలో "మీ అమ్మాయి ఏం చేస్తోంది?" అని అడిగేది మిమ్మల్ని కాదు, ఆవిడని. జవాబు లేక ఆవిడ నలిగిపోతున్నారు. ఆవిడ నోటికి సరిపడే ఒక వాక్యం మీరే ఇవ్వండి: "మా అమ్మాయి చెక్క ఫర్నిచర్ చేస్తుంది, ఆర్డర్లు తీసుకుంటుంది." అంతే, దాని వెనక వివరణ వద్దు. ఆవిడ మొదటిసారి ఆ మాట అన్నప్పుడు పక్కన మీరు ఉండండి. సంబంధాల విషయంలో బయోడేటాలో ఉన్నది ఉన్నట్టు రాయండి. సాఫ్ట్‌వేర్ అని రాసి కుదిర్చిన సంబంధం నిశ్చితార్థం తర్వాత ఈ సంగతి తెలిసి బీటలువారితే నష్టం మీకే ఎక్కువ. కొన్ని సంబంధాలు రాకుండా పోతాయి, ఆ మాట అమ్మగారికి దాచకుండా చెప్పండి. వచ్చిన అబ్బాయితో మాట్లాడేటప్పుడు పని గురించి చెప్పి ఊరుకోకుండా, షెడ్డుకు ఒకసారి రమ్మనండి. పొట్టు నిండిన బట్టల్లో మిమ్మల్ని చూశాక అతను ఏం అడుగుతాడో వినండి.

ఈ ఆదివారమే పెద్ద నిర్ణయం ఏదీ తీసుకోవద్దు. ఒక నోటుబుక్కు కొని మొదటి పేజీలో చేరిన తేదీ, ఐదేళ్లు నిండే తేదీ రాయండి. రెండో పేజీ నుంచి గంటలు. మేస్త్రీ దగ్గర మూడు నెలలు పూర్తయ్యేలోపు మీరు చేసిన స్టూళ్లలో మూడు, మీ కుటుంబం ఎవరో తెలియనివాళ్లు 3,060 చొప్పున కొనాలి. కొంటే పైన చెప్పిన తొమ్మిది నెలల లెక్క ప్రకారమే సాగండి. కొనకపోతే ఎందుకు వద్దన్నారో వాళ్లనే అడిగి, ఆ జవాబులు కూడా అదే పుస్తకంలో రాసి, ఇంకో మూడు నెలలు నేర్చుకోండి. జీతం ఎలాగూ వస్తూనే ఉంటుంది.